కండక్టర్ కేశవులు గారి వరస

చెన్నకేశవులు గారికి వరస పిచ్చి. ఇద్దరు మనుషులు ఒకచోట కనిపిస్తే చాలు, ముందు ఎవరొచ్చారో, తర్వాత ఎవరొచ్చారో విచారించి, ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి, తను పోయి మూడోవాడిగా నిలబడేవాడు. మేం ఊరికే మాట్లాడుకుంటున్నాం, దేనికోసమూ ఎదురుచూడటం లేదని వాళ్ళు మొత్తుకున్నా వినేవాడు కాదు. ఏదో ఒకటి వస్తుందిలే, ముందు లైను కట్టండి అనేవాడు.

నా పేరు గ్రేసమ్మ. ఎనభైల్లో గురజాల అవతల తెల్లగట్టు అనే ఊరికి ఆరేళ్ళు నర్సుగా తిరిగాను. ఆ ఆరేళ్ళలో నాకు వచ్చిన తలనొప్పుల్లో సగం పల్నాటి ఎండవల్ల వచ్చినవి. మిగతా సగం చెన్నకేశవులు గారివల్ల.

ఆయన ముప్ఫై ఏళ్ళు మాచర్ల వైపు బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ ముప్ఫై ఏళ్ళూ జనం కిటికీలోంచి సీటుమీద తువ్వాలు విసరడం, పిల్లల్ని కిటికీలోంచి లోపలికి తోయడం, ముసలివాళ్ళని మోచేత్తో పక్కకి నెట్టి ఎక్కడం చూసి చూసి ఆయన మనసు విరిగిపోయింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏమీ చేయలేకపోయాడు. రిటైరయ్యాక ఆ కసి అంతా తెల్లగట్టు మీద తీర్చుకున్నాడు.

పెళ్ళి భోజనాల్లో ఆయన కనిపిస్తే వడ్డించేవాళ్ళు గరిటెలు కింద పెట్టేసేవాళ్ళు. కూర్చున్నవాళ్ళని లేపి, వచ్చిన వరసలో మళ్ళీ కూర్చోబెట్టేదాకా సాంబారు కదలడానికి వీల్లేదు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి వరసలో ఆఖరివాడయ్యాడు. పెళ్ళికూతురు మొదటి పంక్తిలో తింటుంటే ఆ అబ్బాయి మూడో పంక్తి దాకా ఆకలితో నిలబడ్డాడు. చావింటి పరామర్శ అయినా అంతే. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళని గుమ్మం ముందు నిలబెట్టి, లోపల ఒకరు ఏడ్చి బయటికి వచ్చాక ఇంకొకరిని పంపాడు.

ఇంట్లోనూ ఇదే తంతు. ఆయన భార్య రాజేశ్వరి గారు ఒకరోజు పొరపాటున పప్పుకంటే ముందు మజ్జిగ పోశారట. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, మళ్ళీ కూర్చుని, మొదటి ముద్ద నుంచి తిన్నాడట. "ఈయనతో నలభై ఏళ్ళు కాపరం చేశాను, నాకు పరమవీరచక్ర ఇవ్వాలమ్మాయ్" అని ఆవిడ నాతో చాలాసార్లు అన్నారు.

నేను కళ్ళారా చూసింది బస్సు సంగతి. ఒక రాత్రి ఆ ఊళ్ళోనే ఉండిపోయి మర్నాడు ఇంటికి బయల్దేరాను. పొద్దున్నే గురజాల బస్సు వచ్చింది. ఎక్కేవాళ్ళు పదిహేనుమంది. చెన్నకేశవులు గారు చేతులు చాచి అందరినీ ఆపి, మీరు ముందు, మీరు వెనక అని సర్దడం మొదలుపెట్టాడు. ఇద్దరు ముసలమ్మల మధ్య ఎవరు ముందు వచ్చారన్న తగాదా తేలలేదు. ఈలోపు నలుగురు కుర్రాళ్ళు వెనక కిటికీలోంచి ఎక్కారు, బస్సు కదిలిపోయింది. దుమ్ము తగ్గేసరికి పదకొండుమందిమి గీత గీసినట్టు నిలబడి ఉన్నాం. ఆయన మమ్మల్ని తృప్తిగా చూసి, "ఇప్పుడు కుదిరింది" అన్నాడు. తర్వాత బస్సు ఒంటిగంటకి.

అలాంటి మనిషిని తెచ్చి నా నెత్తిన పెట్టారు.

అప్పుడు పిల్లలందరికీ టీకాలు వేయాలని పెద్ద కార్యక్రమం మొదలైంది. ఒక్క నర్సువల్ల అయ్యే పని కాదు, ఊరివాళ్ళు కూడా చెయ్యి కలపాలి, ప్రతి ఊళ్ళో ఒక కమిటీ వేయండి అని మా డాక్టరు గారు చెప్పారు. తెల్లగట్టు ప్రెసిడెంటు గారు ముగ్గురి పేర్లు రాసిచ్చారు. మొదటి పేరు ఖాతూన్ బీ. ఊళ్ళో సగంమందికి పైగా ఆవిడ చేతిమీదే పుట్టారు, ఆవిడ తీసుకోమంటే ఏ తల్లీ కాదనదు. రెండోది బడి పంతులు గారు, వరండా ఆయనది కాబట్టి. మూడోది చెన్నకేశవులు గారు. ఈయన్నెందుకు వేశారని అడిగితే, రేషన్ షాపు డీలరు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డాడమ్మా, ఎక్కడికైనా పంపమని, అన్నారు ప్రెసిడెంటు గారు.

అంతకు ముందు నా పద్ధతి నాకుండేది. నెలకో బుధవారం మందుల ఐసు డబ్బా పట్టుకుని పొద్దున బస్సుకి దిగేదాన్ని. కిరసనాయిలు స్టవ్వుమీద సిరంజీలు మరగబెట్టుకుని, ముందు సుబ్బరత్నం గారింటికి వెళ్ళేదాన్ని. వాళ్ళది ఊళ్ళో పెద్ద కుటుంబం, అరవై ఎకరాల మిరపతోట. నాకు వరండాలో కుర్చీ వేసేవాళ్ళు, ఇత్తడి గ్లాసులో కాఫీ ఇచ్చేవాళ్ళు. ఆ ఇంటి పిల్లలు, ఆ వీధి పిల్లలు అయ్యాక బడి దగ్గర కూర్చునేదాన్ని. పన్నెండింటికి డబ్బా మూసి ఒంటిగంట బస్సు ఎక్కేదాన్ని. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదనుకునేదాన్ని.

కమిటీ వేశాక మొదటి బుధవారం సుబ్బరత్నం గారి గేటు ముందు చెన్నకేశవులు గారు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"లైను బడి కాడ ఉంది అమ్మాయ్" అన్నాడు.

కాఫీ తాగి వస్తానన్నాను. కాఫీకి కూడా అక్కడే లైను కడదాం అన్నాడు. లోపల్నుంచి సుబ్బరత్నం గారు అంతా విన్నారు. గంట తర్వాత మనవడిని చంకన వేసుకుని, కోడల్ని వెంటబెట్టుకుని, ముఖం కందగడ్డ చేసుకుని బడి దగ్గరికి వచ్చారు. వచ్చి చూసేసరికి, లైనులో మొదట మనుషులు లేరు. ఏడు నాపరాయి ముక్కలు ఉన్నాయి. ఒక్కోదాని మీద సుద్దముక్కతో ఒక్కో పేరు. వాటి వెనక ఒక పాతికమంది తల్లులు.

"ఏందయ్యా కేశవులూ, నేను రాయి వెనకాల నిలబడాలా?"

"రాయి వెనకాల కాదు వదినా. మల్లమ్మ వెనకాల. పేరు రాసుంది చూడు."

మల్లమ్మ ఎవరని ఆవిడ అడిగితే, ఊరికి మైలు దూరంలో ఉన్న నాపరాళ్ళ క్వారీలో పనిచేసే మనిషని చెప్పాడు. పన్నెండున్నరకి అక్కడ అన్నం గంట కొడతారు, అప్పుడు ఏడుగురు తల్లులూ పిల్లల్ని తీసుకొస్తారు, అంతదాకా వాళ్ళ చోట్లో వాళ్ళ రాళ్ళు ఉంటాయన్నాడు. మరి వెనకున్న పాతికమంది సంగతేమిటని నేను అడిగాను. వరస వచ్చేదాకా ఆగుతారన్నాడు. తొమ్మిదింటి నుంచి పన్నెండున్నర దాకా అందరం రాళ్ళ ముఖం చూస్తూ కూర్చోవాలన్నమాట.

నాకు ఒళ్ళు మండిపోయింది. కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఒప్పుకోని మనిషి ఇప్పుడు లైనులో రాళ్ళు పెడతాడా అని అందరి ముందూ అడిగేశాను. ఆయన నొచ్చుకోలేదు.

"తువ్వాలు విసిరినోడు ఎదురుగా టీ తాగుతుంటాడమ్మాయ్. రాయి పెట్టినామె రాళ్ళు మోస్తా ఉంది" అన్నాడు.

అయినా నా కోపం తగ్గలేదు. చివరికి ఖాతూన్ బీ మధ్యలో పడి రాజీ కుదిర్చింది. ఉన్నవాళ్ళు రాళ్ళని దాటి ముందుకు రావచ్చు. కానీ ఎన్ని రాళ్ళున్నాయో అంతమందికి మందు డబ్బాలో మిగలాలి. వాళ్ళు వచ్చేదాకా నేను డబ్బా మూయకూడదు. అంటే నా ఒంటిగంట బస్సు పోయినట్టే. ఆ రోజే కాదు, ఆ తర్వాత ప్రతి నెలా పోయింది. నాలుగింటి బస్సుకి ఇల్లు చేరి, చీకటి పడే వేళకి పొయ్యి వెలిగించుకుంటూ ఆయన్ని తిట్టుకునేదాన్ని.

మూడు నెలలు ఓర్చుకుని డాక్టరు గారికి ఫిర్యాదు రాశాను. ఈ పెద్దమనిషి కార్యక్రమానికి అడ్డం వస్తున్నాడు, ఈయన్ని తీసి ఇంకెవరినైనా వేయండి అని ఒక పేజీన్నర రాశాను. తర్వాతి బుధవారం డాక్టరు గారు జీపులో స్వయంగా వచ్చారు. జీపు దిగి నా బల్ల దగ్గరికి వస్తుంటే చెన్నకేశవులు గారు చెయ్యి అడ్డం పెట్టి లైను చివర చూపించాడు. డాక్టరు గారు కొత్త మనిషి, మొహమాటస్థుడు. వెళ్ళి చివర నిలబడ్డారు. నేను తలెత్తి చూసేసరికి ఆయన ముందున్న పాపకి కిచ్‌కిచ్ అని చప్పుళ్ళు చేసి నవ్విస్తున్నారు. ఇరవై నిమిషాలకి ఆయన వంతు వచ్చింది.

"నాకు టీకా వద్దండీ. నేను డాక్టర్ని" అన్నారు.

"ఆ ముక్క ముందే చెప్పాల్సింది. ఉత్తపుణ్యానికి ఎండలో నిలబడ్డారు" అని మందలించాడు చెన్నకేశవులు గారు.

డాక్టరు గారు పన్నెండున్నర దాకా ఉన్నారు. గంట కొట్టాక క్వారీ నుంచి ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో పరుగున వచ్చిన తల్లుల్ని చూశారు. నా ఫిర్యాదు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, జీపెక్కి వెళ్ళిపోయారు. నాకు ఆ రోజు రెండు పూటలా అన్నం సహించలేదు.

ఆ ఏడు శివరాత్రి ముందు పక్క ఊళ్ళో తట్టు లేచింది. మొదట ఒక వీధిలో, వారం తిరిగేసరికి ఊరంతా. ఇద్దరు పిల్లలు పోయారు. ఆ కబురు తెల్లగట్టుకి వచ్చిన రోజు నుంచి, అంతకు ముందు సూది అంటే తలుపులు వేసుకున్నవాళ్ళు కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చారు. తట్టు టీకా అప్పుడు అరుదుగా అందేది. హెల్త్ సెంటర్లో అడిగితే నాలుగు సీసాలు ఇచ్చారు. సీసాకి అయిదుగురు, మొత్తం ఇరవైమంది పిల్లలకి సరిపోతుంది.

బుధవారం నేను బడి దగ్గరికి చేరేసరికి తొమ్మిది రాళ్ళు ఉన్నాయి. వాటి వెనక పిల్లల్ని ఎత్తుకుని పద్దెనిమిదిమంది. సుబ్బరత్నం గారు పన్నెండో మనిషి. ఒక్కగానొక్క మనవడు, పదకొండు నెలలవాడు. పొద్దున్నే శకునం చూసుకుని బయల్దేరడంలో ఆవిడకి ఆలస్యమైంది. లెక్క ఎవరికీ చెప్పనక్కర్లేదు. రాళ్ళకి తొమ్మిది పోతే మనుషులకి పదకొండు.

రెండు సీసాలు కలిపి పదిమందికి వేశాను. మూడోది తెరవలేదు. తట్టు మందు ఒకసారి నీళ్ళు కలిపితే కొద్ది గంటల్లో వాడేయాలి, లేకపోతే పారబోయాలి. పన్నెండున్నర అయింది. క్వారీ గంట వినపడలేదు. ఒంటిగంట అయింది. దారిలో మనిషి జాడ లేదు.

సుబ్బరత్నం గారు ఈసారి గొంతు పెంచలేదు. "రాని పిల్లల కోసం వచ్చిన పిల్లోణ్ణి ఆపుతారా గ్రేసమ్మా? నీకు న్యాయంగా ఉందా?" అన్నారు. నాకూ న్యాయంగా అనిపించలేదు. బాబాయ్, ఇంక చాలు, వాళ్ళు రారు, అని మూడో సీసా చేతిలోకి తీసుకున్నాను.

"పావుగంట ఆగమ్మాయ్. నే పోయి చూసొస్తా" అన్నాడు చెన్నకేశవులు గారు.

తర్వాత ఆయన చేసిన పని చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాం. పుట్టాక ఎన్నడూ లైను వదలని మనిషి, సుబ్బరత్నం గారి దగ్గరికి వెళ్ళి, "వదినా, లైను నీ చేతిలో పెడతన్నా" అని చెప్పి, పంచె ఎగ్గట్టి క్వారీ దారిన పరుగెత్తాడు. అరవై రెండేళ్ళ వయసులో.

పావుగంట కాస్తా ముప్పావుగంట అయింది. నేను కుర్చీలో కుతకుత ఉడుకుతున్నాను. చెప్పుకోవాల్సింది సుబ్బరత్నం గారి సంగతి. మనవడిని కోడలికిచ్చి ఆవిడ లైను పక్కన నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఎవరో ఒకతను, వాళ్ళ చుట్టమే, బిడ్డను ఎత్తుకుని ముందుకి జరగబోయాడు.

"ఆ రాయి కనపడట్లా నీకు? వెనక్కి పో" అని గద్దించారు ఆవిడ.

ఎట్టకేలకి దుమ్ము లేపుకుంటూ ట్రాక్టరు వచ్చింది. తొట్టిలో తొమ్మిదిమంది తల్లులు, పిల్లలు, మధ్యలో వాళ్ళని తీసుకురావడానికి పొద్దున్నే క్వారీకి వెళ్ళిన ఖాతూన్ బీ. వెనక కొసన చెన్నకేశవులు గారు, ఒక చెప్పుతో.

క్వారీలో జరిగింది ఖాతూన్ బీ చెప్పింది. ఆ రోజు మూడు లారీలు ఒకేసారి లోడుకి వచ్చాయట. ముందు నాది నింపాలంటే నాది నింపాలని డ్రైవర్లు కొట్లాటకి దిగారట. మేస్త్రీ సర్దార్ వాళ్ళని ఆపలేక, లోడు పూర్తయ్యేదాకా ఎవరూ కదలడానికి లేదని అన్నం గంట కూడా కొట్టనివ్వలేదట. చెన్నకేశవులు గారు ఆయాసపడుతూ వెళ్ళి, ఆడవాళ్ళ మాట ఎత్తకుండా, ఏ లారీ ఎప్పుడొచ్చిందని విచారణ మొదలుపెట్టాడట. టైర్ల జాడలు చూశాడట. ముందొచ్చిన లారీ ముందు, తర్వాతది వెనక, మూడోది దాని వెనక నిలబెట్టేదాకా వదల్లేదట. పొద్దుటి నుంచి తెగని తగాదా అరగంటలో తెగేసరికి సర్దార్‌కి ప్రాణం లేచొచ్చింది. ఏం కావాలో అడగమన్నాడు. తొమ్మిదిమంది తల్లుల్ని గంటసేపు అడిగాడు ఈయన. ట్రాక్టరు సర్దారే ఇచ్చాడు.

నేను సీసాలు కలిపి వేయడం మొదలుపెట్టాను. మల్లమ్మ బిడ్డకి వేసి, రాసుకోవడానికి పాత రిజిస్టరు తిప్పాను. ఆమె పేరు ఎదురుగా, కమిటీ రాకముందు మూడు నెలలు, నా చేత్తో నేను రాసిన మాట ఉంది. నిరాకరించారు. క్వారీ గుడిసెలన్నిటి ఎదురుగా అదే మాట.

నువ్వు అప్పుడెందుకు వద్దన్నావు మల్లమ్మా అని మామూలుగా అడిగాను.

"నేను వద్దన్లేదు నర్సమ్మా. మూడుసార్లు వచ్చా. వచ్చేతలికి అయిపోయింది పొమ్మన్నావు" అంది.

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అయిపోయిన మాట చెప్పినట్టు చెప్పింది. నాకు గుర్తొచ్చింది. డబ్బా మూసి బస్సుకి పరుగెత్తుతుంటే ఎదురొచ్చే దుమ్ము మొహాలు గుర్తొచ్చాయి. వాళ్ళకి సూదంటే నమ్మకం లేదని డాక్టరు గారికి నేనే చెప్పాను. మిగతాది ఖాతూన్ బీ చెప్పింది. చెన్నకేశవులు గారు కమిటీ వేసిన రోజే నా రిజిస్టరు చూశాడట. ఇంతమంది ఒకేలా వద్దంటారా అని అనుమానం వచ్చి, ఖాతూన్ బీని వెంటబెట్టుకుని గుడిసె గుడిసెకీ వెళ్ళి అడిగాడట. అప్పటి నుంచి ప్రతి నెలా టీకాల బుధవారం తెల్లవారగానే క్వారీకి నడిచి, ఏ తల్లి రాయి ఆ తల్లి చేతనే ఏరించి, గోతంలో వేసి మోసుకొచ్చేవాడట. ఈ సంగతి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను ఇబ్బంది పడతానని ఆయనకి తెలుసు.

ఇరవై అయిపోయాయి. మిగిలినవాళ్ళు ఏడుగురు. తలెత్తి చూస్తే చిట్టచివర చెన్నకేశవులు గారి కూతురు, పది నెలల పాపతో నిలబడి ఉంది. మాచర్ల నుంచి పుట్టింటికి వచ్చి వారమైందట.

"మీ మనవరాలా బాబాయ్? ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబితే ఏం చేసేదానివి?"

ముందు వేసేదాన్ని. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆయన నాకు నాలుగింటి బస్సు గుర్తు చేసి, చెప్పు వెతుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం డాక్టరు గారి ఇంటి గుమ్మం ముందు కూర్చుని, మందు చీటీ రాస్తే గానీ లేవనన్నాను. మర్నాడు పొద్దున ఏడింటికల్లా రెండు సీసాలతో దిగాను. ఈసారి బడికి పోలేదు. ఐసు డబ్బా తీసుకుని నేరుగా క్వారీకి వెళ్ళి, నాపరాళ్ళ దొంతర మీద దుప్పటి పరిచి కూర్చున్నాను. ఇంక నుంచి ముందు ఇక్కడ, తర్వాతే ఊళ్ళో అని ఖాతూన్ బీతో ఊరంతా చెప్పించాను. మిగిలిన ఏడుగురూ అక్కడికే వచ్చారు. సుబ్బరత్నం గారు ఎడ్లబండిలో వచ్చారు. బండి దిగేటప్పుడు మనవడిని అందుకుంది మల్లమ్మ. రాత్రి నీ పిల్లోడికి జ్వరం వచ్చిందా, మా వాడికీ వస్తదా, తడిగుడ్డ వెయ్యాలా అని ఆవిడ మల్లమ్మని అడుగుతూ, రాళ్ళమీద ఆమె పక్కనే కూర్చున్నారు.

ఆరుగురికి వేశాను. ఏడో పేరు పిలిస్తే పాపని ఎత్తుకుని కూతురు వచ్చింది. చెన్నకేశవులు గారు మాత్రం లేడు. సూది గుచ్చగానే పాప క్వారీ దద్దరిల్లేలా ఏడ్చింది. ఖాతూన్ బీ వెతుక్కుంటూ వెళ్ళి దొంతర వెనక నుంచి నవ్వుతూ కేకేసింది. వెళ్ళి చూశాను. రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, గోడలా పేర్చిన రాళ్ళకి ముఖం ఆనించి నిలబడి ఉన్నాడు. ఇన్ని నెలలుగా నా బల్ల పక్కనే నిలబడి, ఒక్కసారి కూడా సూది వైపు చూడలేదన్న సంగతి నాకప్పుడు తట్టింది.

పాప ఏడుపు అప్పటికే ఆపేసి, మల్లమ్మ గాజులు లాగుతోంది. ఆయన గడ్డం మీద కన్నీళ్ళు ఇంకా ఆరలేదు.

"అయిందా అమ్మాయ్?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

అయింది బాబాయ్, ఇక బయటికి రండి అన్నాను.

"నువ్వు పద. నేనొస్తా" అని ముక్కు చీది, ఇంకో అయిదు నిమిషాలు అక్కడే ఉన్నాడు.